మంచి తెలుగు నవలలు ఇప్పుడు దొరుకుతున్నాయా? నా అనుభవం

“మంచి తెలుగు నవలలు చదవాలని ఉంది, ఈ రోజుల్లో దొరుకుతాయా?” అని అడిగారు. దొరుకుతాయండీ. నాకు తెలిసి ఇంత సులువుగా ఎప్పుడూ దొరకలేదు.

ఇంటర్ చదివేటప్పుడు మా వీధి చివర అద్దె లైబ్రరీలో డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’ తెచ్చుకున్నాను. రోజుకి అర్ధరూపాయి అద్దె. దబ్బనంతో కుట్టి ఖాకీ అట్ట వేసిన పుస్తకం. రాత్రంతా కూర్చుని చదివితే ఆఖరి పేజీలు లేవు! అందులోని ముఖ్య పాత్ర ఇందిర ఏమైందో తెలియక ఎంత కొట్టుకుపోయానో. ఆ నవల ఆధారంగానే 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ తీశారని విని సినిమా చూశాను. అందులో కథ బాగా మార్చేశారు. తర్వాత ఆ నవల పూర్తి ప్రతి కోసం విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో, హైదరాబాదు వచ్చాక కోఠీ ఫుట్‌పాత్‌ల మీద ఎన్ని ఆదివారాలు వెతికానో లెక్కలేదు.

చివరికి ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) అనే వెబ్‌సైట్‌లో దొరికింది, ఉచితంగా. అక్కడ పాత తెలుగు నవలల స్కాన్లు చాలా ఉన్నాయి. తెలుగు లిపిలో కొట్టినప్పుడు రాకపోతే లేదనుకోకండి. పాత పుస్తకాలు స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి, దీర్ఘం ఉన్నచోట అదే అక్షరం రెండుసార్లు వేసి. ‘కా’ కావాలంటే ‘kaa’ అని కొట్టాలి. రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. నాకు దొరికిన ప్రతిలో ఇందిర మాటల కింద ఎవరో పెన్సిల్‌తో గీతలు గీసి ఉన్నారు. నేనైనా అక్కడే గీసేవాణ్ణి. తర్వాత కొత్త ముద్రణ కూడా కొనుక్కున్నాను, అది నా దగ్గర ఉండాల్సిందే.

ఇప్పుడు కష్టమల్లా ఎంచుకోవడంలోనే. మా వీధి అద్దె లైబ్రరీ ఆయన “పోయినసారిది నచ్చిందా?” అని అడిగి మరీ తర్వాతి పుస్తకం చేతిలో పెట్టేవాడు. అలాంటి మనిషి ఒకరుంటే చాలు. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తకాల పండగలకి వెళ్లినప్పుడు స్టాల్లో వాళ్లకి మీకు నచ్చిన నవల ఏదో చెప్పి అడగండి. అక్కడే నిలబడి పది పేజీలు చదవండి. కొత్త రచయితల పుస్తకమైతే మాత్రం నచ్చిన వెంటనే కొనేయండి. చాలావాటికి కొద్ది ప్రతులే వేస్తారు, తర్వాత కావాలన్నా దొరకవు.

మీకు ఈమధ్య బాగా నచ్చిన నవల ఏదో రాయండి, దాన్నిబట్టి నాలుగు పేర్లు చెప్తాను.