హోటల్ కాలిఫోర్నియా లేని క్యాసెట్

విశాఖపట్నం

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. రికార్డ్ ప్లేయర్ కొన్నావట, సంతోషం. ఆ అమెరికా రాక్ బ్యాండు ఈగల్స్ పేరు మీద గ్రేటెస్ట్ హిట్స్ అని నాలుగైదు రకాలు కనిపిస్తున్నాయి, ఏది కొనమంటావు పెదనాన్నా అని అడిగావు. ఫోన్లో అయితే "ఫలానాది కొనుక్కో" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. కానీ రేపు ఇంకో బ్యాండు దగ్గర నీకు మళ్ళీ ఇదే డౌటు వస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా పరువు పోయిన సంగతి చెప్తాను. ఎనభైల్లో, ఉద్యోగంలో చేరిన కొత్త. మా వీధిలో ఓడల మీద పనిచేసే ఆయన ఒకాయన ఉండేవాడు. ఆయన సెలవు మీద వచ్చాడంటే వీధంతా ఇంగ్లీషు పాటలే. ఓ రాత్రి ఆయన డాబా మీద 'హోటల్ కాలిఫోర్నియా' విన్నాను. చివర్లో రెండు గిటార్లు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తి, ఆఖరికి చేతులు కలుపుకుంటాయే, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. జీతం రాగానే క్యాసెట్ల షాపుకెళ్ళి ఈగల్స్ గ్రేటెస్ట్ హిట్స్ ఇవ్వమన్నాను. లేత నీలం అట్ట, మధ్యలో పక్షి పుర్రె. ఇంటికొచ్చి ఎ వైపు విన్నాను, బి వైపు విన్నాను. పది పాటలూ అయిపోయాయి, ఆ పాట రాలేదు. మర్నాడు షాపుకెళ్ళి దెబ్బలాటకి దిగాను. డూప్లికేట్ సరుకు అంటగట్టావన్నాను. షాపాయన మాట్లాడకుండా అట్ట నా వైపు తిప్పి, పేరు కింద గోటితో గీసి చూపించాడు. 1971–1975. "మీరడిగే పాట 76 ఆఖర్లో కదండీ వచ్చింది" అన్నాడు. పక్కన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తే.

కాబట్టి సంకలనం ఏదైనా చేతిలోకి తీసుకోగానే ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకానో చూడు. అట్ట మీద లేకపోతే ఎప్పుడు విడుదలైందో కనుక్కో. ఈ ఆల్బం 1976 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి బ్యాండు వయసు అయిదేళ్ళు, ఆల్బంలు నాలుగు. 'హోటల్ కాలిఫోర్నియా' అదే ఏడాది డిసెంబర్లో వచ్చింది. నువ్వు తర్వాత బ్యాండులో చేరిన జో వాల్ష్ గిటార్ కోసం ఈ పది పాటలూ వెతికితే ఎక్కడా దొరకదు. బెర్నీ లెడన్ బ్యాండు మానేస్తే అతని చోట వాల్ష్ చేరింది 1975 చివర్లో. ఇవాళ ఈగల్స్ అనగానే జనానికి గుర్తొచ్చే ఆ బరువైన గిటార్ల మోత ఇందులో చాలా తక్కువ. ఇదంతా కంట్రీ వాసన, అంటే అమెరికా పల్లె పాటల వాసన పోని కుర్రాళ్ళ పాట. 'టేక్ ఇట్ ఈజీ'లో లెడన్ బాంజో విను, నీకే తెలుస్తుంది.

తర్వాత అడగాల్సిన ప్రశ్న, పాటలు ఏరింది ఎవరని. బ్యాండు వాళ్ళే కూర్చుని ఏరుకోవడం వేరు, కంపెనీ ఏరి మార్కెట్లోకి వదలడం వేరు. ఇది కంపెనీ పని. కొత్త ఆల్బం రికార్డింగ్ ఇంకా మొదలుకాలేదు, జనం మాత్రం వేడి మీద ఉన్నారు, పాత సరుకు మూటగట్టి వదిలారు. బ్యాండులో డ్రమ్స్ వాయిస్తూ పాడే డాన్ హెన్లీకి ఇది నచ్చలేదు. ఆయన బాధ ముఖ్యంగా 'డెస్పరాడో', 'టెకీలా సన్‌రైజ్' గురించి. ఆ రెండూ 1973లో వచ్చిన 'డెస్పరాడో' ఆల్బంలోవి. ఆ ఆల్బం అంతా పాత అమెరికా పడమటి దేశపు బందిపోట్ల కథ చుట్టూ అల్లింది, దాని చివర్లో ఆ పాట మళ్ళీ వస్తుంది. అలాంటిదాన్ని ఊడబెరికి వేరేచోట నాటారని ఆయన గోల.

హెన్లీ మాట సగం నిజం. మన పౌరాణిక నాటకాల పద్యాలు గ్రామఫోన్ రికార్డులుగా వచ్చేవి కదా. నాటకం ఒక్కసారి కూడా చూడనివాళ్ళు ఆ పద్యాలు విని, నేర్చుకుని, పెళ్ళిళ్ళలో పాడారు. మా నాన్న అలా పాడినవాడే. నాటకం చూసినవాడికి మాత్రం పద్యం ముందు సన్నివేశం గుర్తొస్తుంది, వాడి కన్ను ముందే తడుస్తుంది. ఇదీ అంతే. 'డెస్పరాడో' విడిగా విన్నా బావుంటుంది, అసలు ఆల్బం విన్నాక ఇంకోలా వినిపిస్తుంది. సంకలనం మీద తీర్పు చెప్పేముందు అందులోంచి ఒక్క పాటనైనా దాని సొంత ఇంట్లో విని రా. ఎంత పోయిందో తెలియకుండా తీర్పు చెప్పకు.

'హిట్స్' అన్న మాటని కూడా గుడ్డిగా నమ్మకు. 'డెస్పరాడో' ఏనాడూ సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, రాలేదు. ఏ పాట ఎంత ఆడుతోందో లెక్కగట్టే అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 'టెకీలా సన్‌రైజ్' 64వ స్థానం దాటలేదు. అదే ఆల్బంలోంచి సింగిల్‌గా వచ్చిన 'ఔట్‌లా మ్యాన్' 59 దాకా వెళ్ళింది. మరి పైకెళ్ళినదాన్ని వదిలేసి కింద ఉన్నదాన్ని పెట్టారు! లెక్కప్రకారం తప్పే. చెవిప్రకారం నూటికి నూరుపాళ్ళూ ఒప్పు. కంపెనీలో పాటలు ఏరినవాడెవడో గానీ వాడికి చెవి ఉంది. కంపెనీ చేసిందనగానే ముఖం చిట్లించకూడదని నేను నేర్చుకుంది ఇక్కడే.

ఇప్పుడు అసలైన సంగతికొస్తాను, పాటల వరస. ఫోన్లో షఫుల్ కొట్టుకుని వినే మీకిది చాదస్తంగా ఉంటుంది. మా రోజుల్లో ఖాళీ క్యాసెట్టు కొని, కాగితం మీద పాటల లిస్టు రాసి రికార్డింగ్ షాపులో ఇచ్చేవాళ్ళం. అరవై నిమిషాల టేపులో ఏది ముందు, ఏది వెనక అని రెండు రోజులు కొట్టుకునేవాళ్ళం. అందుకే వరస పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఈ ఆల్బంలో ఏళ్ళ వరస పాటించలేదు. 1975 నాటి 'లయిన్ ఐస్' మూడోది, 1972 నాటి 'పీస్‌ఫుల్ ఈజీ ఫీలింగ్' తొమ్మిదోది. మొదటి వైపు చివర చూడు. 'ఆల్రెడీ గాన్' గిటార్లతో గంతులేసి ఆగుతుంది. ఆ వెంటనే ఒక్క పియానో, 'డెస్పరాడో'. అది అయ్యాక సూది లేచిపోతుంది. నువ్వు లేచి రికార్డు తిప్పాలి. ఆ తిప్పే అరనిమిషం కావాలి ఆ పాటకి. తిప్పి పెట్టగానే రాండీ మైస్నర్ బేస్ గిటార్ నెమ్మదిగా పాకుతూ వస్తుంది, 'వన్ ఆఫ్ దీజ్ నైట్స్'. వేరే ఊళ్ళో బస్సు దిగినట్టు ఉంటుంది. నీ రికార్డ్ ప్లేయర్‌కి ఇంతకంటే పరీక్ష అక్కర్లేదు.

ఎవరెవరికి చోటు దక్కిందో కూడా లెక్కవెయ్యి. పదింటిలో అయిదు గ్లెన్ ఫ్రే గొంతు, నాలుగు హెన్లీ, ఒక్కటి మైస్నర్. లెడన్‌కి ఒక్కటీ లేదు. 'విచీ వుమన్' రాసినవాళ్ళలో అతను కూడా ఉన్నాడు, అయినా పాడింది హెన్లీ. కాబట్టి ఈ సంకలనం విని "ఈగల్స్ అంటే ఇద్దరే" అనుకుంటే తప్పు నీది కాదు, కానీ తప్పే.

పాట నిడివి చూడటం మర్చిపోకు. రేడియోల కోసం పాటలు కోసేవాళ్ళు. 'బెస్ట్ ఆఫ్ మై లవ్' సింగిల్‌ని బ్యాండుకి చెప్పకుండానే కంపెనీ కత్తిరించింది, వాళ్ళకి ఒళ్ళు మండింది. ఈ ఆల్బంలో ఉన్నది నాలుగున్నర నిమిషాల పూర్తి పాట. 'లయిన్ ఐస్' కూడా ఆరు నిమిషాలు దాటి ఉంటుంది. వేరే సంకలనాల్లో మూడున్నర దగ్గర ఆగిపోతే కత్తెర పడిందని అర్థం. అలాగే 1994 నాటి 'హెల్ ఫ్రీజెస్ ఓవర్' చూసి ఇదీ సంకలనమే అనుకోవద్దు. పద్నాలుగేళ్ళ ఎడం తర్వాత కలిసి స్టేజీ మీద పాడినవి పదకొండు, కొత్తగా చేసినవి నాలుగు. అందులో 'హోటల్ కాలిఫోర్నియా' మామూలు గిటార్లతో కొత్తగా మొదలవుతుంది. బావుంటుంది, అది వేరే వంట.

ముసలి బ్యాండ్ల సంకలనాల్లో ఇంకో కిటుకు ఉంటుంది. పాతవి ముప్ఫై పెట్టి ఒకటో రెండో కొత్తవి తగిలిస్తారు. అన్నీ ఉన్నవాడు కూడా ఆ ఒక్కదాని కోసం మళ్ళీ డబ్బులు పెట్టాలి. రోలింగ్ స్టోన్స్ 2002లో 'ఫార్టీ లిక్స్' అని నలభై పాటలు తెచ్చారు, అందులో నాలుగు కొత్తవి. ఈగల్స్ 2003లో రెండు సీడీల్లో 33 పాటలు వేసి, చివర 'హోల్ ఇన్ ద వరల్డ్' పెట్టారు. కొత్త పాట పాతవాటి పక్కన నిలబడుతుందా, లేక పెళ్ళి ఫొటోలో ఎవరూ గుర్తుపట్టని చుట్టంలా ఉందా, విని చూసుకో. ఆ 33 పాటల దాంట్లో అన్నీ ఉన్నాయి, ఒప్పుకుంటాను. నేను మాత్రం ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరిదాకా కదలకుండా వినలేదు. పది పాటలది నలభై మూడు నిమిషాలు. అన్నం ఉడికేలోపు ఒక వైపు, తినేలోపు రెండో వైపు.

అమ్మకాల అంకెలు చూసి మాత్రం హడలిపోకు. అమెరికాలో 2018లో ఈ పది పాటలదానికి 38 ప్లాటినంలు (ఒక్కోటి పది లక్షల కాపీలు) లెక్కగట్టారు, మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ని దాటింది. ఇప్పుడు ఆ లెక్కలో స్ట్రీమింగ్ కూడా కలుస్తుంది, అందులోని పాటలు అన్నీ కలిపి 1500 సార్లు వింటే ఒక ఆల్బం అమ్మినట్టు జమ. అంకె పెద్దదే. నా క్యాసెట్టు అందులో లేదు, అదొక్కటే నా బాధ.

ఇక నీకు కావాల్సింది. ఆ పది పాటల రికార్డు కొను. దాంతోపాటు 'హోటల్ కాలిఫోర్నియా' ఆల్బం విడిగా కొను. రెండో సంపుటం అని 1982లో ఒకటి వచ్చింది, అది వద్దు. దాంట్లో మంచివి అనుకున్నవి సగం నువ్వు కొనే రెండో రికార్డులోనే ఉంటాయి. సెకండ్ హ్యాండ్ అయితే వెలుతురు కింద వంచి గీతలు చూసుకో, గోటికి తగిలే గీత ఉంటే వదిలెయ్.

నా పాత క్యాసెట్టు ఇంకా ఉంది. 'టేక్ ఇట్ టు ద లిమిట్' చివర్లో మైస్నర్ గొంతు పైకెక్కే చోట టేపు నలిగింది. పెన్సిలుతో తిప్పి బాగుచేశాను గానీ ఆ చోట ఒక చిన్న గరగర ఉండిపోయింది. ఇప్పుడు ఎక్కడ ఆ పాట విన్నా ఆ గరగర రావట్లేదేమని నా చెవి ఒక క్షణం ఎదురుచూస్తుంది. దసరాకి వచ్చేటప్పుడు నీ రికార్డు పట్టుకురా. ప్లేయర్ కూడా తేవాలి సుమా, మా ఇంట్లో లేదు. మీ పెద్దమ్మ నీకు సున్నుండలు చేస్తానంది.

మీ పెదనాన్న