టెక్ సందేహాలు: ఏరియేటర్ తిరిగితే బొమ్మ ఎందుకు చెడుతుంది?

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. గట్ల మీద నాలుగు సీసీ కెమెరాలు పెట్టించాం. పగలు బాగానే ఉంటుంది. రాత్రి నీళ్లు చిమ్మి చెరువుకు గాలి అందించే ఏరియేటర్లు వేయగానే బొమ్మ గళ్లు గళ్లుగా అయిపోతుంది. మోటారు కేబుల్ కోసుకెళ్లినవాడి ముఖం కూడా ఆనలేదు. ఎక్కువ మెగాపిక్సెల్ కెమెరా కొనమంటారా?

జవాబు: వద్దు. ఆకివీడు, ఉండి ఊళ్ల వైపు నుంచి కూడా ఇదే గోల. షాపువాళ్లు అందరికీ రాసే మందూ ఒక్కటే, ఇంకో కెమెరా కొనమని.

కదలని గట్టును వీడియోలో దాయడానికి పెద్దగా డేటా అక్కర్లేదు, ముందు ఫ్రేములో ఉన్నదే మళ్లీ వాడుకోవచ్చు. ఏరియేటర్ చిమ్మే నీటికి ఆ వెసులుబాటు లేదు. ఏ తుంపరా ముందు ఫ్రేములో ఉన్నచోట ఉండదు. దానికి తోడు చీకట్లో సెన్సర్ పుట్టించే చుక్కల నాయిస్. మీ డీవీఆర్‌లో (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) బిట్‌రేట్, అంటే సెకనుకు వాడే డేటా, సీబీఆర్‌లో ఉంటుంది, ఒకే అంకె దగ్గర బిగించి. ఆ కోటా అంతా నీళ్లే తాగేస్తే, మిగతా బొమ్మలో వివరాలు చెరిపేయడం తప్ప వీడియోను కుదించే ఎన్‌కోడర్‌కు దారి లేదు. దొంగ ముఖం పోయింది అక్కడే. అదే బిట్‌రేట్‌లో మెగాపిక్సెల్స్ పెంచితే ఒక్కో పిక్సెల్‌కు దక్కేది ఇంకా తగ్గుతుంది.

అవసరాన్ని బట్టి బిట్‌రేట్ మారే వీబీఆర్‌కు మార్చి, గరిష్ఠ పరిమితి పెంచండి. సెకనుకు 25 ఫ్రేములు చెరువుకు దండగ, 12 చాలు. కెమెరాను నీళ్ల మీంచి మోటారు షెడ్డు తలుపు వైపు తిప్పండి. డిస్క్ లెక్క కూడా చూసుకోండి: 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) చొప్పున ఒక్క కెమెరా రోజుకు 43 జీబీ రాస్తుంది. నాలుగు కెమెరాలైతే 1 టీబీ ఆరు రోజులకే నిండి, పాతది చెరిగిపోతుంది.

మీరు అడగని సంగతే నాకు ఎక్కువ టెన్షన్. పాస్‌వర్డ్ ఎవరు పెట్టారు? బిగించిన కుర్రాడేనా? అయితే ఊళ్లో సగం చెరువులకు అదే పాస్‌వర్డ్ ఉండొచ్చు, అతని ఫోన్‌లో మీ గట్టు ఇంకా కనిపిస్తూ ఉండొచ్చు. పట్టుబడి ఎప్పుడో, కాపలా మనిషి ఎన్నింటికి నిద్రపోతాడో మీ కెమెరాయే చూపిస్తుంది. డీవీఆర్‌ను యాప్‌కు కలపడానికి దాని కింద అంటించిన క్యూఆర్ స్టిక్కర్‌ను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లను లక్షల్లో లోబరుచుకుంది. ఆ అక్టోబరులో అవన్నీ కలిసి ఇంటర్నెట్ మీద చేసిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. వాడిన ఆయుధం అరవై చిల్లర పాస్‌వర్డ్‌ల జాబితా, అంతే. పాస్‌వర్డ్ ఈ రోజే మార్చండి, యాప్‌లో ఎవరెవరికి షేర్ అయి ఉందో చూసి తీసేయండి, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నెట్ నుంచి నేరుగా డీవీఆర్‌కు తెరిచిన దారి) ఉంటే ఆపేయండి. మొదటిసారి ఆన్ చేయగానే పాస్‌వర్డ్ మార్చకుండా ముందుకు కదలనివ్వని పెట్టె తయారుచేయడం అంత కష్టమా? బొమ్మ నాణ్యత మీటను ఐదో మెనూలో దాచడానికి మాత్రం తీరిక దొరుకుతుంది.

ప్రశ్న: అమలాపురంలో చెల్లి పెళ్లి. కువైట్‌లో ఉన్న అన్నయ్య కోసం లైవ్ పెట్టించాం. సరిగ్గా తాళి కట్టే వేళకు అంతా మసక. నెట్ తప్పేనా?

జవాబు: నెట్ ఒక్కటే కాదు. ఫ్లాష్ వెలగగానే ఫ్రేమంతా తెల్లబడుతుంది. ఎన్‌కోడర్ అది కొత్త సీను అనుకుని, ముందు ఫ్రేమును వాడుకోకుండా బొమ్మ మొత్తాన్ని ఐ ఫ్రేముగా (దీన్నే కీఫ్రేమ్ అంటారు) మళ్లీ రాస్తుంది. వెలుగు పోగానే ఇంకో ‘కొత్త సీను’. ఒక్కో ఐ ఫ్రేము మామూలు ఫ్రేముకు ఎన్నో రెట్లు బరువు. ఆపైన గాల్లో అక్షింతలు, ఏ గింజ దారి దానిదే. కొన్ని ఫ్రేములు ముందుకు చూడగలిగిన ఎన్‌కోడర్ ఫ్లాష్‌ను పసిగడుతుంది గానీ, లైవ్‌లో ఆలస్యం తగ్గించాలని ఆ సౌకర్యాన్ని కట్టేస్తుంటారు. ఈసారి సీన్ డిటెక్షన్ ఆపించి, కీఫ్రేమ్ 2 సెకన్లకు బిగించమనండి, యూట్యూబ్ సూచించేదీ అదే. 1080కి బదులు 720 చాలు. అప్‌లోడ్ వేగం మండపం నిండాక కొలవాలి, పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు కాదు. ఫొటోగ్రాఫర్లు ఫ్లాష్ ఎలాగూ ఆపరు కాబట్టి, కెమెరా కార్డులో విడిగా రికార్డింగ్ పెట్టించి, అన్నయ్యకు ఆ రాత్రే పంపండి.