ఏసీ కొనేముందు ఒక రాత్రి ఇన్వర్టర్ ఆపి చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. సొంతిల్లు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తామామలు. నవంబర్, డిసెంబర్‌లలో 1,300 పైన వచ్చిన కరెంటు బిల్లు మార్చికి 3,000 దాటింది. ఏసీ పాతబడిందని, అదే కరెంటు తాగేస్తోందని మావారు కొత్త ఫైవ్ స్టార్ ఏసీ తీసుకుందామంటున్నారు. నెలకు 3,900 చొప్పున 12 నెలల ఈఎంఐ. నిజానికి మార్చి రెండో వారం దాకా ఏసీ వెయ్యనేలేదు. మీటరే గిర్రున తిరుగుతోందని మామగారి గొడవ. పక్కింటివాళ్లేమో సోలార్ పెట్టించుకోమంటున్నారు. నాకేమో ఏ ఖర్చన్నా టెన్షనే. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయడం దగ్గర్నుంచి ఇంట్లో అన్నీ నేనే చూసుకోవాలి. ఇదివరకు మూణ్ణెల్లకోసారి పోసేదాన్ని, ఇప్పుడు నెల తిరక్కుండానే పోస్తున్నా. ఐదు నెలల బిల్లులు పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఏసీ బుక్ చేయకుండా ఆపండి. ఈఎంఐ ఒకసారి మొదలైతే వెనక్కి రాదు. మీ బిల్లుల్లోనే సగం జవాబుంది, మిగతా సగం మీ ప్రశ్నలో ఉంది.

కరెంటు బిల్లు పెరిగిందంటే నేను మొదట చూసేది, పెరిగినవి యూనిట్లా, రూపాయలా అని. పాత బాకీయో, డిపాజిట్టో బిల్లులో కలిసినా మొత్తం పెరుగుతుంది. తలుపు తాళం వేసి ఉంటే సగటు లెక్కన బిల్లు కొట్టి, తర్వాతి నెలలో సర్దుతారు. రీడింగ్ తీసేవాళ్లు వారం ఆలస్యంగా వచ్చినా లెక్క తారుమారవుతుంది. మీ బిల్లుల్లో అవేవీ లేవు. రీడింగ్ తేదీల మధ్య 29 నుంచి 31 రోజులే ఉన్నాయి. పెరిగినవి యూనిట్లే: నవంబర్ 226, డిసెంబర్ 231, జనవరి 348, ఫిబ్రవరి 402, మార్చి 436.

ఏసీ వెయ్యని ఫిబ్రవరిలో 402 యూనిట్లు కాలాయి. కాబట్టి ఈ కేసులో ఏసీ నిర్దోషి. జనవరి వరకైతే చలి, గీజరు అనుకోవచ్చు. చలి తగ్గాక కూడా దిగలేదంటే ఇంకేదో ఉంది.

డిసెంబర్‌కీ ఫిబ్రవరికీ తేడా 171 యూనిట్లు, అంటే రోజుకు సుమారు 5.7. ఇంత కరెంటు రెండు రకాలుగా పోవచ్చు. 2,000 వాట్ల గీజరులాంటిది రోజుకు అదనంగా మూడు గంటలు నడవాలి. లేదా 240 వాట్ల వస్తువు రాత్రీ పగలూ ఆగకుండా నడవాలి. మొదటిదైతే ఇంట్లో ఎవరో ఒకరి కంటపడుతుంది. రెండోది చడీచప్పుడు లేకుండా తింటూ ఉంటుంది.

మీరు మాటల్లో మాటగా చెప్పిన బ్యాటరీ నీళ్ల సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. బ్యాటరీలోని ఒక సెల్ పాడైతే అది ఎంతకీ నిండదు. ఛార్జర్ మాత్రం కరెంటు తోస్తూనే ఉంటుంది, లోపల నీళ్లు వాయువులుగా విడిపోయి తగ్గిపోతాయి. ఆ కరెంటు 14 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లయితే 210 వాట్లు, ఛార్జర్‌లో వేడిగా పోయేది కలిపితే మన 240కి దగ్గరగా వస్తుంది. మా ఇంట్లోనూ ఒకసారి ఇలాగే జరిగింది. ఊరందరికీ లెక్కలు చెప్పే నేను ఐదు నెలలు నోరు మూసుకుని బిల్లు కట్టాను. చివరికి బ్యాటరీ మీద చెయ్యి పెట్టిన మా ఆవిడ "ఇదేంటి, ఇస్త్రీపెట్టెలా కాలుతోంది" అంటే గానీ తెలియలేదు.

అయినా ఇది నా అనుమానమే. తేల్చుకోవడానికి రెండు రాత్రులు చాలు. మొదటి రాత్రి పడుకునే ముందు 10 గంటలకు మీటర్‌లో యూనిట్ల అంకె, చుక్క తర్వాతిది కూడా, రాసుకోండి. పొద్దున 6కి మళ్లీ రాయండి. రెండో రాత్రి ఇన్వర్టర్ స్విచ్ ఆపేసి, ప్లగ్గు కూడా పీకేసి అదే పని చేయండి. రెండు రాత్రులూ ఫ్యాన్లు ఒకేలా తిరగాలి (ప్లగ్గు పీకితే ఇన్వర్టర్ లైన్ మీదున్న ఫ్యాన్లు ఆగిపోయేట్టయితే, మొదటి రాత్రీ వాటిని ఆపే ఉంచండి), ఏసీ వద్దు, కరెంటు పోతే ఆ రాత్రి లెక్క వదిలేయండి. ఇన్వర్టర్ ఆపిన రాత్రి ఒకటిన్నర, రెండు యూనిట్లు తక్కువ వచ్చాయంటే దొంగ దొరికినట్టే.

తేడా రాకపోతే తర్వాతి అనుమానం నీళ్ల మోటారు మీద. వన్ హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ లాగుతుంది. ట్యాంకు నిండటానికి ఇదివరకు ఎంతసేపు పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో మామగారిని అడగండి, పెద్దవాళ్లకు ఇవి బాగా గుర్తుంటాయి. అరగంటలో నిండేది గంటంబావు పడుతోందంటే ఫుట్ వాల్వ్ (నీళ్లు లాగే పైపు అడుగున ఉండే కవాటం) పోయి ఉండొచ్చు, బోరైతే నీరు దిగి ఉండొచ్చు. రోజుకు ఒకసారి వేసే మోటారు మూడుసార్లు వేస్తున్నారంటే మాత్రం నీళ్లెక్కడో కారుతున్నాయి. రాత్రి ఫ్లష్ ట్యాంకులో కాస్త పసుపు కలిపి వదిలేయండి. ఎవరూ ఫ్లష్ నొక్కకుండానే పొద్దున బేసిన్‌లో పచ్చగా కనిపిస్తే కారేది అక్కడే. గీజరు విషయంలోనూ అంతే. వేడినీళ్ల కుళాయి చుక్కచుక్కగా కారినా, స్విచ్ వేసి ఉన్నంతసేపూ అది కాగబెడుతూనే ఉంటుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. తెలంగాణ ఛార్జీల్లో 200 యూనిట్లు దాటినవాళ్లకు మొదటి 200 యూనిట్లకు 5.10, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9, 400 దాటితే 9.50. ఆ లెక్కన డిసెంబర్‌లో మీ వాడకం ఖర్చు 1,259 రూపాయలు, ఫిబ్రవరిలో 2,709. ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, సుంకం వేరే. అంటే ఆ దొంగ ఒక్కడే నెలకు 1,450 తింటున్నాడు. కొత్త బ్యాటరీకి 15,000 అవుతుందనుకున్నా పది పదకొండు నెలల్లో తిరిగొస్తుంది, పాతది ఇచ్చేస్తే ఇంకా ముందే. కరెంటు కోతలు తక్కువైతే అసలు కొత్తది కొనకుండా కొన్నాళ్లు చూడొచ్చు, కానీ ఇంట్లో పెద్దవాళ్లున్నారు కాబట్టి కొనేయమనే అంటాను.

ఏసీ మీద మీరు కట్టబోయేది 46,800. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని వేసేది 1,600 గంటల వాడకానికి. మీరు రోజుకు 8 గంటల చొప్పున మూడు నెలలు వేస్తే 720 గంటలే. పాతదానికీ కొత్తదానికీ లేబుల్ లెక్కలో 400 యూనిట్ల తేడా ఉందనుకున్నా మీకు మిగిలేది 180 యూనిట్లు, అంటే ఏడాదికి 1,710 రూపాయలు. పాత ఏసీ చల్లబరచడం మానేసిన రోజున కొత్తది కొనండి, బిల్లు కోసం మాత్రం వద్దు.

దొంగ దొరికాక ఇంకో చిన్న పని మిగులుతుంది. 200 యూనిట్ల లోపు వాడితే రేటే వేరు: మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. సరిగ్గా 200కి 820 రూపాయలైతే, 201కి 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! డిసెంబర్‌లో మీరు 31 యూనిట్లు తగ్గించి ఉంటే 439 మిగిలేవి. రోజుకు 15 గంటలు తిరిగే 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండింటిని 35 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లతో మారిస్తే నెలకు 36 యూనిట్లు తగ్గుతాయి. ఏసీ లేని, ఫ్యాన్లు తిరిగే నెలల్లో మీరు 230 దగ్గరే ఉంటే, ఆ రెండు ఫ్యాన్లే మిమ్మల్ని 200 లోపు దించుతాయి. తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతికి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) అర్హులైతే ఆ నెలల్లో బిల్లు సున్నా.

సోలార్ మంచిదే, 2 కిలోవాట్లకు కేంద్రం 60,000, 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఇస్తోంది. కానీ కారుతున్న కుండకు కొలత తీసుకోకూడదు. ఈ దొంగ బయటపడ్డాక మూణ్ణెల్ల బిల్లులు చూసి ఎన్ని కిలోవాట్లో తేల్చుకోండి.

మామగారి మాటా తీసిపారేయకండి. ఇన్వర్టర్ ప్లగ్గు పీకే ఉంచి, ఇంట్లో ఎంసీబీలన్నీ (మెయిన్ బోర్డులోని ట్రిప్ స్విచ్చులు) దించేసి మీటర్ మీది ఎర్రదీపం చూడండి. ఇన్వర్టర్ ఆపకపోతే ఎంసీబీలు దించినా లైట్లు వెలుగుతూనే ఉండి మీకు అయోమయంగా ఉంటుంది. అన్నీ ఆగినా దీపం మినుకుతూనే ఉంటే, మీటర్‌కీ ఇంటికీ మధ్య వైరింగ్‌లో తేడా ఉంది, లేదా ఎవరి లైనో మీ మీటర్‌కి కలిసింది. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మీటర్ సీలు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వద్దు. దీపం ఆగితే, బకెట్‌లో నీళ్లు పోసి 1,000 వాట్ల హీటర్ రాడ్ ఒక్కటే ఆన్ చేసి, నిమిషానికి ఎన్నిసార్లు మినుకుతోందో లెక్కపెట్టమనండి. స్విచ్ ఆపి ప్లగ్గు తీసేదాకా బకెట్‌లో చెయ్యి పెట్టొద్దు. మీటర్ మీద 3200 అని (యూనిట్‌కి అన్నిసార్లు మినుకుతుందని) రాసి ఉంటే 53 దగ్గర రావాలి, 1600 అయితే అందులో సగం. వోల్టేజీని బట్టి ఐదారు అటూ ఇటూ ఉండొచ్చు. 53కి బదులు 80 వచ్చిందంటే మామగారిదే కరెక్టు. 1912కి ఫోన్ చేసి, సెక్షన్ ఆఫీసులో మీటర్ టెస్టుకి దరఖాస్తు పెట్టండి.