24 వారాలు దాటితే పోలీసు కేసేనా?

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. నాకిప్పుడు 25వ వారం. బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్ ఆలస్యంగా తీయించుకున్నాను. బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోలేదని, మెదడులో నీరు బాగా చేరిందని చెప్పారు. గర్భం తీసేయడం గురించి ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే 24 వారాలు దాటాయి, ముట్టుకుంటే పోలీసు కేసవుతుందన్నారు. మా ఆయన కువైట్‌లో ఉన్నారు. ఆయన సంతకం లేకుండా ఎవరూ చెయ్యరని మా అత్తయ్య అంటోంది. కొత్త చట్టంలో తొమ్మిదో నెల దాకా ఎవరైనా తీయించుకోవచ్చని ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. ఏది నిజం?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు విన్న మూడింట్లో ఒక్కటీ నిజం కాదు. మీకు అన్నిటికంటే ముఖ్యం మొదటిది కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

మన దేశంలో గర్భస్రావాల చట్టం 1971 నాటిది. దాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ కొందరికే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవారు లేదా విడాకులైనవారు, తీవ్ర వైకల్యం ఉన్నవారు, ఇలా. పెళ్లికాని స్త్రీలను ఇందులోంచి తప్పించకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. ఇక 24 వారాలు దాటాక తలుపు పూర్తిగా మూసుకుపోతుందన్నది అపోహ. బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు, అంటే ప్రభుత్వం ఏర్పాటు చేసిన డాక్టర్ల బృందం, తేలిస్తే వారాల పరిమితి వర్తించదని చట్టంలోనే రాసి ఉంది. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే చేయాల్సి వస్తే కూడా అంతే, అప్పుడు బోర్డు కోసం ఆగక్కర్లేదు.

ఆ ప్రైవేటు డాక్టరు భయం నాకు అర్థమవుతుంది. బోర్డు అనుమతి లేకుండా 25వ వారంలో చేస్తే ఆయనకు నిజంగానే ఇబ్బంది. కానీ 'నేను చెయ్యలేను, బోర్డుకు వెళ్లండి' అని చెప్పాల్సిన చోట 'కేసవుతుంది' అని పంపించేయడం వల్ల మీలాంటి వాళ్ల విలువైన రోజులు పోతున్నాయి.

ఈ బోర్డులో గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, స్కానింగ్ డాక్టరు ఉంటారు. దరఖాస్తు అందిన 3 రోజుల్లో అవుననో కాదనో చెప్పాలి. ఒప్పుకుంటే, దరఖాస్తు అందిన 5 రోజుల్లోపు ప్రక్రియ కూడా జరిగేలా చూడాలి. మీరు ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ప్రభుత్వ బోధనాసుపత్రికి వెళ్లి, మెడికల్ బోర్డుకు పంపమని సూపరింటెండెంట్ పేరిట కాగితం రాసివ్వండి. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. చాలామంది నోటిమాటగా అడిగి తిరిగొస్తారు, తర్వాత కోర్టులో చూపించడానికి ఏమీ ఉండదు.

బోర్డు తప్పకుండా ఒప్పుకుంటుందని మాత్రం నేను చెప్పలేను. 'తీవ్రమైన' అంటే ఏమిటో చట్టం జాబితా ఇవ్వలేదు. ఆపరేషన్‌తో సరయ్యే గ్రహణమొర్రి లాంటి వాటికి కాదనే అవకాశం ఎక్కువ. మీ రిపోర్టులో ఉన్నది ఎంత తీవ్రమో తేల్చాల్సింది వాళ్లే.

సంతకం సంగతి. పద్దెనిమిదేళ్లు నిండి, మానసిక అనారోగ్యం లేని స్త్రీ అయితే ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్త, అత్త, తండ్రి ఎవరి అనుమతీ చట్టం అడగదు. కొన్ని ఆసుపత్రులు అడుగుతాయి, అది వాళ్ల అలవాటు. అదే లెక్కన, బిడ్డను కనాలనే మీరు నిర్ణయించుకుంటే తీసేయమని ఎవరూ బలవంతం చేయలేరు. మీ వివరాలు బయటపెట్టిన వాళ్లకు ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఆ వీడియో మాటకొస్తే, ఎవరైనా ఎప్పుడైనా తీయించుకోవచ్చనడం శుద్ధ అబద్ధం. 2023 అక్టోబరులో 26 వారాల గర్భంతో ఒక వివాహిత సుప్రీంకోర్టుకు వెళ్లారు. బిడ్డలో లోపం లేదని ఎయిమ్స్ చెప్పింది, తల్లి ప్రాణానికీ ముప్పు లేదు. కోర్టు అనుమతి ఇవ్వలేదు. అలాంటి వీడియోలు నమ్మి మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రల కిట్ కొనకండి. ఆ మాత్రలకు అనుమతి 9 వారాల వరకే, 25వ వారంలో ప్రాణం మీదికి వస్తుంది.

బోర్డు కాదంటే ఆ తిరస్కరణ కాగితం తీసుకుని అమరావతిలోని హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి అనుమతి అడగవచ్చు. రోజులు తరుగుతున్నాయని చెబితే ఇలాంటి కేసుల్ని కోర్టు త్వరగా వింటుంది. లాయరు ఫీజుకు వెనకాడకండి. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి. బోర్డుకైనా కోర్టుకైనా వెళ్లేటప్పుడు టిఫా రిపోర్టు ఒక్కటే కాకుండా, మొదటి నెలల్లో తీసిన స్కాన్ కూడా పట్టుకెళ్లండి. వారాల లెక్కలో తేడా వస్తే ఎక్కువగా నమ్మేది దాన్నే.