స్పీకర్ పెట్టె పాడకూడదండీ

"లక్షలు పోసి కొనే స్పీకర్లలో నిజంగా అంత ఇంజనీరింగ్ ఉందా, లేక మెరిసే చెక్కకీ పేరుకీ డబ్బులు కట్టడమేనా" అని అడిగారు. ఇంజనీరింగ్ ఉంది, కానీ అది మెరిసే వైపు కాదు, లోపలి వైపు ఉంటుంది. మాది తిరుపతి. మా మామ చిత్తూరులో 30 ఏళ్లు మైక్‌సెట్ నడిపాడు. నేను ఆయన్ని ఒక్క మాట అడక్కుండా సొంతంగా స్పీకర్లు చేయించుకుని బంధువుల ముందు నవ్వులపాలయ్యాను. ఆ అర్హతతోనే రాస్తున్నా.

అప్పట్లో 8 అంగుళాల డ్రైవర్లు (శబ్దం పుట్టించే గుండ్రటి భాగాలు) రెండు, సన్న శబ్దాల కోసం ట్వీటర్లు రెండు తెప్పించుకుని, పెట్టెల కోసం మా వీధి చివర ఆచారి దగ్గరికి వెళ్లాను. ఎండీఎఫ్ షీటు, అంటే చెక్కపీచు జిగురుతో నొక్కి చేసే పలక, అనగానే ఆయన మొహం అదోలా పెట్టి, "సామీ, వీణ దేంతో చేస్తారు? పనసచెక్కతో. పాటకి పాడే చెక్క కావాల, ఈ అట్టముక్కలేంది" అన్నాడు. నాకు ఆ మాట భలే నచ్చేసింది. శేషాచలం కొండల కింద పుట్టినోడికి చెక్క గురించి గొప్పగా చెప్తే పడిపోతాడు, ఎర్రచందనంతో జపాన్ వాళ్లు వాద్యాలు చేసుకుంటారని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవాళ్లం కదా. ఆయన పనస పలకల్ని 10 మిల్లీమీటర్లకు చిత్రిక పట్టి, ఒక్కోదాని లోపలి ఖాళీ 60 లీటర్ల పైన ఉండేలా, చూస్తే దండం పెట్టాలనిపించే పెట్టెలు చేసిచ్చాడు.

మా తమ్ముడి నిశ్చితార్థం రోజు ఇంట్లోనే వాటిని పెట్టి మేళం రికార్డింగ్ వేశా. నాదస్వరం బాగానే వచ్చింది. డోలు మొదలయ్యేసరికి ప్రతి దెబ్బకీ ఒకటే శ్రుతిలో "బోంయ్" అని ఒక మూలుగు, దెబ్బ అయిపోయినా అది అయిపోదు. చుట్టాలందరూ బేస్ అదిరిపోతా ఉందని మెచ్చుకుంటుంటే నేను కాలర్ ఎగరేస్తున్నా. మామ పొంగలి ప్లేటు చేత్తో పట్టుకునే వచ్చి, పనసకాయ ముదిరిందో లేదో తట్టి చూసినట్టు పెట్టె పక్కన వేలిముడితో తట్టాడు. టంగ్‌మంది. "అల్లుడా, ఇది పెట్టె కాదురా, డోలు. ఒక డోలు రికార్డులో వాయిస్తా ఉండారు, ఇంకోటి నువ్వు చేయించినావు" అన్నాడు. నా చెయ్యి తీసుకెళ్లి పక్క చెక్క మీద పెట్టాడు. చీమలు పాకినట్టుంది. చుట్టాలు మళ్లీ నవ్వారు, ఈసారి వేరే రకంగా.

లెక్క వేసుకుంటే సిగ్గేసింది. 8 అంగుళాల డ్రైవర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు, అంటే కోన్, దాని వైశాల్యం సుమారు 215 చదరపు సెంటీమీటర్లు. నా పెట్టె పక్క పలక ఒక్కటే 30 బై 60, అంటే 1800. కోన్ కంటే ఎనిమిదింతలు పెద్దది కొంచెం వణికినా చాలు, వినపడిపోతుంది. వీణ కుండ పాడాలి, అది దాని పని. స్పీకర్ పెట్టె పని నోరు మూసుకుని ఉండడం. కోన్ ముందుకు తోసే గాలికీ వెనక్కి తోసే గాలికీ మధ్య గోడ లేకపోతే రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుని బేసే మిగలదు, పెట్టె ఉన్నది ఆ గోడగా నిలబడడానికి. పలక గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్లు 18 అయితే ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్లు దాటుతుంది. మంచి స్పీకర్ విప్పి చూస్తే లోపల అడ్డకర్రలు జల్లెడలా కనిపించేది అందుకే. సన్న చెక్క అసలు పనికిరాదని కాదు, బీబీసీ వాళ్ల ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్ సన్న బర్చ్ ప్లైవుడ్‌తోనే చేశారు, కానీ మోగకుండా లోపల తారు షీట్లు అంటించారు. మా ఆచారి వార్నిష్ వేశాడు.

ఇంకో తప్పు సైజు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అనే ఇంజనీర్ 1961లో, తర్వాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ రాసిన పేపర్ల పుణ్యమా అని ఏ డ్రైవర్‌కి ఎన్ని లీటర్లు కావాలో కాగితం మీదే తేలిపోతుంది. నా డ్రైవర్‌తో వచ్చిన కాగితంలో ఆ లెక్కకి కావాల్సిన రెండు అంకెలూ ఉన్నాయి: క్యూటీఎస్ 0.4, వీఏఎస్ 50 లీటర్లు. మూసిన పెట్టెకి 23 లీటర్లు చాలు. నేను దాన్ని అప్పుడు చదవకుండానే పక్కన పడేశా! పెద్ద పెట్టె, పెద్ద సౌండ్ అనుకునే జబ్బు మనకి బాగా ఎక్కువ.

వాట్స్ జబ్బూ అంతే. స్టిక్కర్ మీద పీఎంపీఓ (క్షణకాలం పీక్ పవర్ అని కంపెనీ వేసుకునే అంకె) 5000 వాట్స్ అని ఉంటే జనం ఎగబడతారు, గోడ ప్లగ్గులోంచి అంత కరెంటు వస్తుందా అని ఒక్కరూ అడగరు. పవర్ రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే (డెసిబెల్ అంటే శబ్దానికి కొలత). చెవికి రెండింతలు వినపడాలంటే పదింతలు పొయ్యాలి. పైగా ఇంట్లో వాడే మామూలు స్పీకర్ ఇచ్చిన పవర్‌లో ఒక శాతం అటూఇటుగా మాత్రమే శబ్దంగా మారుస్తుంది, మిగతాదంతా కోన్‌ని కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, వేడెక్కడానికే. మన మే నెల ఎండలో జాతర బాక్సులు చూడండి, సాయంత్రానికి కాయిల్ కాలి రెసిస్టెన్స్ పెరిగి సౌండ్ తగ్గుతుంది, ఆపరేటర్ ఇంకా పెంచుతాడు, అది ఇంకా కాలుతుంది. రాత్రి 10 దాటాక ఆపాలన్న రూల్ మనుషుల కోసం పెట్టారు గానీ కాయిల్‌కీ మంచిదే.

ఖరీదు సంగతంటారా, కెనడాలో ఫ్లాయిడ్ టూల్ అనే శబ్ద శాస్త్రవేత్త స్పీకర్ల పేరూ మెరుపూ కనపడకుండా వాటిని తెర వెనక పెట్టి, ఏది మోగుతోందో చెప్పకుండా జనానికి వినిపించాడు. ఎదురుగా బేస్ నుంచి సన్న శబ్దాల దాకా సమంగా, పక్కలకి కూడా ఎగుడుదిగుడు లేకుండా పలికేవే ఎక్కువమందికి నచ్చాయి. మా చుట్టాలకి కూడా తెర కట్టుంటే, పనసచెక్క చూసి మెచ్చుకునేవాళ్లు కాదేమో.

తర్వాత మామ పక్కన కూర్చుని 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో, మధ్యలో అడ్డపట్టీలు వేయించి, 23 లీటర్లకే చేయించాను. చూడ్డానికి చెప్పుల పెట్టెల్లా ఉంటాయి. తడితే "దప్" అంటాయి. ఇప్పుడు డోలు మీద కర్ర దెబ్బ వేరుగా, వేళ్ల దెబ్బ వేరుగా తెలుస్తోంది.

పనస పెట్టెలు మా అమ్మ తీసుకుంది, వేరుశనక్కాయలు పోసుకుంటోంది. డ్రైవర్ తీసేసిన బొక్కలోంచి చెయ్యి పెట్టి తీసుకోడానికి బాగా వీలుగా ఉందట.