చెరువు ఒడ్డున ఇల్లు: అద్దాల గోడ సంగతి తరువాత, ముందు మత్తడి మట్టం చూడండి

హనుమకొండ సమీపంలో ఒక చెరువుకు తూర్పు ఒడ్డున 300 గజాల స్థలం తీసుకున్నామని, నీళ్ల వైపు నేల నుంచి పైకప్పు దాకా అద్దాల గోడ పెట్టి తల్లిదండ్రులూ ఇద్దరు పిల్లలూ కలిసి ఉండేలా ఆధునికమైన ఇల్లు కట్టుకోవాలని ఉందని, ఏం జాగ్రత్తలు తీసుకోవాలని మీరు అడిగారు. నేను ఇంజనీరును కాను. ఇదే ప్రాంతంలో, చెరువు పడమరగా ఉన్న స్థలంలో, అమ్మానాన్నలతో కలిసి ఉండటానికి ఇల్లు కట్టించి ఏడేళ్లుగా అందులో ఉంటున్నాను కాబట్టి, చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

స్థలం అమ్మేవాళ్లు సాధారణంగా ఎండాకాలంలోనే చూపిస్తారు. చెరువుకు కట్ట ఉన్న వైపు నుంచి చూస్తే మనకు కనిపించేది కట్టే తప్ప నీళ్లు కావు. నీళ్లు ఎదురుగా కనిపించే స్థలం ఏదైనా కట్టకు ఎదుటి పక్కనో అంచులోనో ఉంటుంది, వానాకాలంలో చెరువు పరుచుకునేది కూడా సరిగ్గా అటువైపే. అందువల్ల నక్షా గీయించడానికి ముందే మత్తడి, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే అలుగు, ఎంత మట్టంలో ఉందో తెలుసుకోండి. మత్తడి అంచు దాకా నిండితే నీరు ఎక్కడి వరకు వస్తుందో అదే పూర్తి నీటిమట్టపు గీత, అంటే మనవాళ్లు ఎఫ్‌టీఎల్ అనేది. మత్తడి దూకుతున్న రోజుల్లో నీరు ఆ గీతను కూడా దాటి కొంత పైకి లేస్తుంది. 2012 నాటి భవన నియమాల ప్రకారం (జీవో 168) 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్ల లోపల, అంతకంటే చిన్నదైతే 9 మీటర్ల లోపల ఏ కట్టడమూ కట్టకూడదు. మీ స్థలం 45 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు అనుకుంటే, 30 మీటర్లంటే దాదాపు 98 అడుగులు కాబట్టి, గీత మీ హద్దు దగ్గరే మొదలైతే మీకు ఇల్లు కట్టుకోవడానికి ఒక్క గజం కూడా మిగలదు. 9 మీటర్లే అయినా సగం స్థలం పోతుంది. కాగితాల్లో శిఖం (చెరువు గర్భంలోని భూమి) అన్న మాట ఎక్కడైనా కనిపిస్తుందేమో చూసుకోండి, నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ రెండింటి దగ్గరా అడగండి. ఇది తేలకుండా ఆర్కిటెక్టుకు అడ్వాన్సు ఇవ్వవద్దు.

తేలిన తరువాత, పునాది మట్టాన్ని రోడ్డును బట్టి కాకుండా మత్తడి అంచును బట్టి నిర్ణయించుకోవాలి. మేము సర్వేయరును పిలిపించి డంపీ లెవెల్ అనే మట్టం కొలిచే పరికరంతో మత్తడి నుంచి స్థలం దాకా మట్టం తీయించి, మత్తడి అంచుకు నాలుగున్నర అడుగుల పైన ఇంటి నేల వచ్చేలా లేపించాం. అప్పుడు బంధువులు నవ్వారు. ఆ తరువాత వచ్చిన ఒక పెద్ద వానకు నీళ్లు మా రెండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. మీది నల్లరేగడి అయితే తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి, మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే భూమిలోకి దించి అడుగున వెడల్పుగా పోసే కాంక్రీటు స్తంభాల (అండర్ రీమ్డ్ పైల్స్) మీద కట్టించండి.

సెల్లార్ ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి. మా ఇంటి ముందు భూమిలో కట్టించిన నీళ్ల సంపును ఒక భాద్రపదంలో, చెరువు నిండుగా ఉన్నప్పుడు, శుభ్రం చేయించాలని నేనే పట్టుబట్టి ఖాళీ చేయించాను. లోపల నీటి బరువు పోవడంతో, చుట్టూ ఊరిన నీరు ఆ ఖాళీ తొట్టిని పడవలాగా పైకి నెట్టింది. మరునాడు పొద్దున చూస్తే ఒక మూల లేచి పైపులు విరిగిపోయి ఉన్నాయి. ఈ అనుభవం నాకు ఒక్కడికే కాలేదని తరువాత తెలిసింది. చండీగఢ్‌కు ప్రణాళిక వేసిన లె కార్బూజియే 1923-24లో స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున, కోర్సో అనే ఊళ్లో, తన తల్లిదండ్రుల కోసం 64 చదరపు మీటర్ల చిన్న ఇల్లు కట్టాడు. అక్కడ కూడా నీటి మట్టం పెరిగినప్పుడు కింది గది పైకి తన్నుకుని ఇంటికి పగులు వచ్చింది.

మీ అద్దాల గోడకు కూడా ఆ ఇంట్లోనే ఒక జవాబు ఉంది. సరస్సు వైపు గోడలో ఆయన 11 మీటర్ల పొడవైన ఒకే కిటికీ పెట్టాడు, కానీ తోటలోకి వచ్చేసరికి నీళ్లకు అడ్డంగా గోడ కట్టి, ఒక చోట మాత్రం చతురస్రంగా తెరిచి, దాని ముందు బల్ల వేయించాడు. కనిపించేదంతా ఎప్పుడూ కనిపిస్తూ ఉంటే కొన్నాళ్లకు ఎవరూ చూడరన్నది నేను కూడా ఒప్పుకునే మాట. పైగా మనది స్విట్జర్లాండ్ కాదు. పడమటి ఎండ మూడు గంటల తరువాత వంగి సజ్జా కింద నుంచి నేరుగా లోపలికి వస్తుంది, నీటి మీద పడి తిరిగి పైకప్పును కూడా వెలిగిస్తుంది. ఎంత వెడల్పు సజ్జా వేసినా దాన్ని ఆపలేదు. మేము నీళ్ల వైపు పది అడుగుల లోతు వరండా వేసి, దాని అంచుకు వట్టివేళ్ల తడికలు కట్టాం, అద్దం వరండా వెనక గోడలో రెండు చోట్ల మాత్రమే ఉంది. ఉదయం సూర్యుడు ఇంటి వెనక నుంచి వచ్చి అవతలి ఒడ్డును వెలిగిస్తాడు కాబట్టి, తూర్పు ఒడ్డున ఉన్నవాళ్లకు చెరువు అందంగా కనిపించేది పొద్దున్నే. అందుకే టిఫిన్ బల్ల అక్కడ వేసుకున్నాం. నైరుతి గాలి నీళ్ల మీదుగా నేరుగా వచ్చేటప్పుడు జల్లు కూడా తెస్తుంది. అందుకని అటు తలుపులకు గడప తప్పనిసరి, జారుడు తలుపులకు గడప ఉండదని ఎవరు చెప్పినా వినవద్దు.

అమ్మానాన్నల గది కింద, పిల్లల గదులు పైన. వాస్తు విషయంలో మా నాన్నగారు పడమట నీళ్లు ఉండకూడదని నెల రోజులు మాట్లాడలేదు. సింహద్వారం తూర్పున రోడ్డు వైపు పెట్టాక ఒప్పుకున్నారు. సెప్టిక్ ట్యాంకు కూడా ఆ రోడ్డు వైపే, నీళ్లకు వీలైనంత దూరంగా ఉండాలి.

దోమలకు జాలీ తలుపులు ఎలాగూ పెట్టిస్తారు. తొలకరి రాత్రి ఉసిళ్లు వచ్చినప్పుడు మాత్రం వెలుగుతున్న అద్దం ఎంత పెద్దదైతే అంత ముసురుతాయి, కాబట్టి చెరువు వైపు దీపాలను విడిగా ఆర్పుకునేలా వేరే స్విచ్చు పెట్టించండి.

ఇంటికీ నీళ్లకూ మధ్య ఉన్న జాగాకు కంచె వేయవద్దు. చేపలు పట్టేవాళ్లు ఆ దారినే వస్తారు, సద్దుల బతుకమ్మ సాయంత్రం ఊరి ఆడవాళ్లంతా అక్కడే నిలబడతారు. మొదటి సంవత్సరం మా హాల్లో తెర లేదు. నేను లుంగీలో టీవీ చూస్తూ తలెత్తేసరికి బతుకమ్మల వెనుక నుంచి వందమంది మా ఇంట్లోకి చూస్తున్నారు. మరునాడే తెరలు కుట్టించాం.