ఆవిడ ఏమన్నారు?

చిరంజీవికి ఆశీస్సులు.

మీ యాత్రారచన ఇరవై రెండు పేజీలనూ, దానికి జతపరచిన ఒకటిన్నర పేజీల ఉత్తరాన్నీ నిన్న మధ్యాహ్నం చదవడం మొదలుపెట్టి, 19వ పేజీలో ఆగిపోయాను. మీరు ‘పార్ట్‌నర్’ అని రాసిన అబ్బాయితో కలిసి మ్యూనిక్ నుంచి సుమారు 550 కిలోమీటర్లు కారులో ప్రయాణించి, క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ దాటి, జాగొర్యే కొండల్లో ఉన్న అతని తల్లిదండ్రుల ఇంటికి చేరారు. మీరు మాంసం ముట్టరని తెలిసి అతని తల్లి, పల్చని పిండిలో పనీరు లాంటి జున్ను పెట్టి చుట్టే ష్ట్రుక్లి అనే వంటకం చేయడానికి పూనుకున్నారు. బల్ల నిండా పువ్వుల గుడ్డ పరచి, పిండిముద్దను మధ్యలో పెట్టి, బల్ల చుట్టూ తిరుగుతూ, కింద ఉన్న పువ్వులు కనబడేంత పల్చగా ఆ పిండిని సాగదీశారు. మీరు సాయానికి వెళ్ళి వేళ్ళతో లాగబోతే, ఆవిడ మీ చేతిని పట్టుకుని బోర్లించి, గోళ్ళు తగలకుండా మునివేళ్ళను లోపలికి మడిచి, పిండి కిందకు చేర్చారు. ఇంతవరకు చదివి నేను కుర్చీలో ముందుకు జరిగాను. తరువాతి వాక్యం ఇది: ‘అప్పుడు ఆంటీ ఏదో అన్నారు, అందరూ నవ్వారు.’ ఆ వెంటనే మీరు జాగ్రెబ్ కథీడ్రల్ గురించి చెప్పడం మొదలుపెట్టారు.

ఏమన్నారమ్మా ఆవిడ? మీ చేయి ఆవిడ చేతిలో ఉంది. ఆ భాష తెలిసినవాడు మీ పక్కనే నిలబడి ఉన్నాడు. అడిగితే ఒక్క క్షణంలో చెప్పేవాడు. ఆ ‘ఏదో’ అన్న మాట చూసి నాకు కలిగిన కోపమే ఈ ఉత్తరం రాయిస్తున్నది. ఇంకెవరైనా అయితే ‘రచన బాగుంది, కృషి చేయండి’ అని రెండు వాక్యాలు రాసి ఊరుకునేదాన్ని.

మొదటి పద్నాలుగు పేజీలు దారికే ఇచ్చారు. ఆస్ట్రియాలో టోలు కోసం అద్దానికి అంటించే చీటీ, టౌయర్న్ సొరంగం, ఆస్ట్రియాకూ స్లొవీనియాకూ మధ్య కొండను తొలిచిన కారవాంకెన్ సొరంగం, అది 7,864 మీటర్ల పొడవున్నదనీ, స్లొవీనియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1991 జూన్ నెలలోనే తెరిచారనీ శ్రద్ధగా రాశారు. వీటిలో తప్పేమీ లేదు. క్రొయేషియా 2023 జనవరి 1న, పాస్‌పోర్టు తనిఖీ లేకుండా తిరగనిచ్చే ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో చేరాక సరిహద్దు దగ్గర తనిఖీ గదులు ఖాళీగా ఉన్నాయనీ, అయినా మీ చేయి సంచిలోని పాస్‌పోర్టు మీదకు దానంతట అదే వెళ్ళిందనీ రాసిన వాక్యం బాగుంది. మిగిలిన వివరాలు ఎవరైనా రాయగలరు. కారవాంకెన్ సొరంగంలో జరిగిన ఒక్క సంగతి మాత్రం మీరు తప్ప ఎవరూ రాయలేరు, దాన్ని మీరు అర వాక్యంలో తేల్చేశారు: ‘సొరంగంలో అతను నాకు వాళ్ళ చుట్టరికాల పేర్లు నేర్పించాడు.’ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళితే ఆ సొరంగం దాటడానికి దాదాపు 6 నిమిషాలు పడుతుంది. బయటి దృశ్యమేదీ కనబడని ఆ 6 నిమిషాలలో ఒక అబ్బాయి, తన ఇంట్లో ఎవరిని ఏమని పిలవాలో మీకు నేర్పుతున్నాడు, మీరు తిరిగి పలుకుతున్నారు, తప్పు పలికితే దిద్దుతున్నాడు. నాకు ఆ కారులో కూర్చోవాలనిపించింది. మీరు నన్ను ఎక్కించుకోలేదు.

మీ రచన పక్కనపెట్టి నేను నిఘంటువు తిరగేశాను. ఆ భాషలో భర్త తల్లిని ‘స్వెక్ర్వ’ అంటారు, భార్య తల్లిని ‘పునిత్స’ అంటారు. తల్లి సోదరుడు ‘ఉయక్’, తండ్రి సోదరుడు ‘స్ట్రిత్స్’. వారి భార్యలకూ వేరువేరు పేర్లున్నాయి, ‘ఉయ్న’, ‘స్ట్రిన’ అని. అంటే మేనమామకూ బాబాయికీ తేడా తెలిసిన జాతి అది. అలాంటి ఇంటికి తెలుగు అమ్మాయి వెళ్ళి, తిరిగి వచ్చి తెలుగులో రాస్తూ, ‘ఒక అంకుల్ ద్రాక్షతోట చూపించారు, ఇంకో అంకుల్ పాట పాడారు’ అంటున్నది. ద్రాక్షతోట చూపించినది మేనమామా, పినతండ్రా? వాళ్ళ భాషలోనూ మన భాషలోనూ ఉన్న తేడాను, ఆ రెండింటికీ చెందని ఇంగ్లీషు మాటతో చెరిపేశారు. ఈ అంకుల్, ఆంటీల అలవాటు మీ ఒక్కరిదీ కాదు. నలభై ఏళ్ళుగా మన పత్రికలు దాన్ని నాగరికత అనుకుని పెంచి పోషించాయి, ఇప్పుడు యాత్రారచన అంటే చూడవలసిన పది ప్రదేశాలూ, అయిన ఖర్చూ అని అడుగుతున్నాయి. అలా అడిగేవారికి మీరు లొంగవద్దు.

ఇంత పట్టుదల నాకెందుకో చెప్పాలి. 1976లో నాకు పెళ్ళయింది. నేను గుంటూరు బ్రాడీపేటలో పెరిగినదాన్ని, అత్తవారిది కడప దగ్గర పల్లె. రాత్రి బస్సులో బయలుదేరి, తెల్లవారాక గుమ్మంలో దిగాను. మా ఇంట్లో నేర్పిన ప్రకారం ‘అత్తయ్యగారూ, మీరు కూర్చోండి, నేను చేస్తాను’ అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు పొయ్యి దగ్గర అడిగారు: ‘ఏమ్మా, నన్ను మీరు గీరు అంటాండావు, నేనేమన్నా పరాయిదాన్నా?’ ఆ పల్లెలో ఆప్తులైన పెద్దలను నువ్వు అనే పిలుస్తారు. మా గుంటూరు మర్యాద ఆవిడకు తలుపు మూసినట్టు వినబడింది. ‘నువ్వు’ అనడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అన్ననాడు ఆవిడ ఏమీ మాట్లాడకుండా నా కంచంలో ఇంకొక ముద్ద పెట్టారు.

దాన్ని కథగా రాసి ఒక వారపత్రికకు ఇచ్చాను. అచ్చయి వచ్చేసరికి నా కథలోని ‘నువ్వు’లన్నీ ‘మీరు’ అయిపోయాయి. గాంధీనగర్ నుంచి నడిచి కార్యాలయానికి వెళ్ళి అడిగితే, కోడలు అత్తగారిని నువ్వు అనడం పాఠకులు హర్షించరని సంపాదకుడు చెప్పారు. కథకు ప్రాణమే ఆ మాట అని నేను ఎంత వివరించినా ఆయన ప్రూఫుల మీద నుంచి తల ఎత్తలేదు. రాతప్రతి ఇమ్మన్నాను, తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు కూడా ముందే పంపి ఉన్నాను, అయినా రాలేదు. పదేళ్ళ తరువాత నా సంపుటి కోసం ఆ కథను జ్ఞాపకం మీద మళ్ళీ రాశాను. అప్పటికి చదివి వినిపించడానికి మా అత్త లేదు. ఆ సంపాదకుణ్ణి నేను ఈనాటికీ క్షమించలేదు.

క్రొయేషియన్‌లోనూ మీరు, నువ్వు వేరువేరుగా ఉన్నాయి, ‘వి’ అనీ ‘తి’ అనీ. మీరు ఆ ఇంట్లో ఆవిడను ఏది అన్నారు? ఆవిడ మిమ్మల్ని ఏది అన్నారు? మీ రచనలో ఆవిడను ఒక్కసారి కూడా ఎదురుగా పిలవలేదని గమనించారా? ఆవిడ ఇటు తిరిగేదాకా ఎదురుచూసి మాట్లాడినట్టు ప్రతి సంభాషణా ఉంది. నేనూ ఆరు నెలలు అదే చేశాను గనుక గుర్తుపట్టాను. అది సిగ్గుపడవలసిన విషయం కాదు, రాయవలసిన విషయం.

ఇంకొకటి. 8వ పేజీలో ‘మేము’ అంటే మీరూ అతనూ. 17వ పేజీలో ‘మేము ద్రాక్షతోటలో నడిచాం’ అన్నప్పుడు ఆ ‘మేము’లో అతని ఇంటివాళ్ళు కూడా ఉన్నారు. ఈ రెండింటి మధ్య ఎప్పుడో ఏదో జరిగింది, అది కాగితం మీద లేదు. మీరు రెండు గంటలు ప్రయాణించిన స్లొవీనియా భాషలో, సంస్కృతంలో లాగా, ఇద్దరికే ప్రత్యేకించిన ద్వివచనం ఉంది. ఆ నేల మీద ఉన్నంతసేపూ మీరు వ్యాకరణరీత్యా కూడా ఇద్దరే. అది దాటాక క్రొయేషియన్‌లో ‘మి’ అనే ఒక్క మాటలో అందరూ ఇమిడిపోతారు. కానీ మనకు మేము వేరు, మనము వేరు. బల్ల దగ్గర ఆవిడ ‘మి’ అన్నప్పుడు దాన్ని ‘మేము’ అని రాయాలా, ‘మనం’ అని రాయాలా అన్నది అతను చెప్పలేడు, నిఘంటువు చెప్పలేదు. ఆవిడ ముఖం చూసినవారు మీరు. అది తేల్చడానికి పట్టే కష్టమే మీ రచన.

‘పార్ట్‌నర్’ అన్న మాట కూడా అలాగే ఇబ్బంది పెడుతున్నది. దానికి తెలుగు మాట వెతకమని నేను చెప్పను. మీ అమ్మగారు అతన్ని ‘ఆ అబ్బాయి’ అంటారని మీ ఉత్తరంలో ఉంది. ఆ మాటను రచనలోకి తెండి. ఆవిడ నోట ‘ఆ అబ్బాయి’ ఏ రోజున మారుతుందో, అసలు మారుతుందో లేదో, పాఠకుడు మీతోపాటు ఎదురుచూస్తాడు.

నిజానికి మీ ఉత్తరమే మీ రచన కంటే గొప్పది. లక్ష్మీపురం నుంచి మీ అమ్మగారు ఫోన్ చేసి, దారి ఎలా ఉంది, ఇల్లు ఎంతుంది అని అడగకుండా, ‘వాళ్ళమ్మ నిన్ను ఏమని పిలిచింది?’ అని మాత్రమే అడిగారని రాశారు. అది మీ మొదటి వాక్యం కావాలి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరి కాశీ వెళుతూ, తన మిత్రుడు శ్రీనివాసపిళ్ళకు ఉత్తరాలు రాశారు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం ఈనాటికీ చదివించడానికి, ఎదుట వినేవాడొకడు ఉండడమే కారణమని నా నమ్మకం. మీరు ఎవరికి రాస్తున్నారో తెలియకుండా రాశారు. మొత్తం మళ్ళీ మీ అమ్మగారికి ఉత్తరంగా రాయండి. ఆవిడకు సొరంగం పొడవు అక్కరలేదు, గుమ్మంలో మీరు చెప్పులు విడిచినప్పుడు ఎవరో మెత్తని చెప్పుల జత తెచ్చి పాదాల ముందు పెట్టారు చూడండి, అది కావాలి. తెచ్చింది ఎవరో కూడా మీరు రాయలేదు.

ఈ రాత్రికే అతన్ని అడగండి. అతనికి గుర్తులేకపోతే ఆవిడకే ఫోన్ చేయించండి, పిండి సాగదీసేటప్పుడు నా చేయి పట్టుకుని మీరేమన్నారు అని. ఆ మాట ఆవిడ భాషలో ఎలా ఉందో అలాగే తెలుగు లిపిలో రాసుకోండి. తెలిశాక ముందు మీ అమ్మగారికి చెప్పి, ఆ తరువాత నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ పిన్ని వంటిది
సత్యనారాయణపురం, విజయవాడ